బస్సు వస్తదన్నారు

మా బాపు ప్లాటు కొన్నది 1994లో. 200 గజాలు, నెలకు 300 రూపాయలు, అరవై వాయిదాలు. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో గుమాస్తా ఆయన, ఆ జీతంలో 300 పక్కకు తీయడమంటే మామూలు సంగతి కాదు. వాయిదా కట్టిన రశీదు తెచ్చి దేవుని పటం వెనక దాచేవాడు, పటం ముందుకు వంగిపోయేదాకా దాచాడు. ప్లాటు చూసొద్దామని ఒక ఆదివారం అందరినీ తీసుకుపోయాడు. హన్మకొండ బస్టాండ్‌లో హుజూరాబాద్ బస్సెక్కి కేయూ క్రాస్ రోడ్డు దాటిన తర్వాత దిగి, మట్టిబాట మీద కిలోమీటరున్నర నడిస్తే సున్నం పూసిన హద్దురాళ్లు, ఒక రేకుల షెడ్డు, షెడ్డు నీడన కుర్చీలో ఏజెంటు. చుట్టూ తంగేడు చెట్లు, దూరంగా మేకలు. అమ్మ చుట్టూ చూసి "ఇక్కడికెట్లొస్తరు మనుషులు?" అంది. ఏజెంటు నవ్వి "రెండేండ్లు ఆగుండ్రమ్మా, మీ గేటు ముందల్నే బస్సు ఆగుతది" అన్నాడు. నాకు పద్నాలుగేళ్లు. గేటు ముందు బస్సు అనగానే ఇంకేం, బస్సు ఆగడం, నేను పుస్తకాల సంచి పట్టుకొని ఎక్కడం, అన్నీ కళ్లముందు కనబడ్డాయి.

అప్పుడు మేముండేది గిర్మాజీపేటలో. గల్లీ ఎంత వెడల్పంటే ఒక రిక్షా వస్తే సైకిల్ మీదున్నవాడు దిగి గోడకు ఆనుకొని నిలబడాలి. ఒక పాత పెంకుటిల్లు, నాలుగు వాటాలు, నడుమ వాకిలి, వాకిట్లో ఒక నల్లా, ఒక బోరింగ్. మాకు రెండు అర్రలు. ముందు అర్రలో బాపు, నేను, చెల్లె పడుకునేవాళ్లం, వెనక అర్రలోనే వంట, అక్కడే అమ్మ నిద్ర. పక్క వాటా వాళ్లు పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి. వాళ్లింట్లో రేడియో పెడితే మాకు రేడియో కొనే అవసరం లేకపోయింది.

కానీ ఆ గల్లీ నుంచి ఏదైనా సరే నడకే. బడి ఏడు నిమిషాలు. బాపు దుకాణం పది నిమిషాలు, అందుకే మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడి వేడి అన్నం తిని, పావుగంట నడుం వాల్చి మళ్లీ పోయేవాడు. స్టేషన్‌కు పోవాలంటే రైలు వచ్చే అరగంట ముందు బయల్దేరినా ఇంకా ప్లాట్‌ఫారం మీద పల్లీలు కొనుక్కునే టైముండేది. చెల్లెకు రాత్రి జ్వరమొస్తే బాపు భుజాన వేసుకొని ఎంజీఎం దవాఖానాకు నడిచిపోయిన సంగతి ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు. పక్క వాటాలో ఆజంజాహి మిల్లు కార్మికుడుండేవాడు, 1934లో పెట్టిన మిల్లు అది, ఆయన తండ్రి కూడా అందులోనే పనిచేశాడట. ఆ మిల్లు సైరన్ బట్టే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇంట్లో గడియారం లేదని కాదు, ఉంది, కానీ అది ఎప్పుడూ పావుగంట వెనకే నడిచేది.

పెద్దయ్యాక ఒకసారి ఖిలా వరంగల్ పోయినప్పుడు తట్టింది. మట్టికోట ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు రెండున్నర కిలోమీటర్లు, అంటే అరగంట నడక. నడుమ నాలుగు దిక్కులా తోరణాలు, గుడి, దాని చుట్టూ రాతికోట. కాకతీయుల కాలంలో రాజధానిలో బతికినవాడు కూడా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఊరంతా చుట్టి ఇంటికొచ్చి తినేవాడన్నమాట, మా బాపు లాగానే. ఇప్పుడు మనకు ఉన్న రింగు రోడ్డు మీద ఎవరూ నడవరు, దాటాలన్నా భయమే.

గల్లీ గురించి ఇట్లా రాస్తుంటే అమ్మ పక్కనుంచి చూసి, అసలు సంగతి కూడా రాయమంది. రాస్తున్నా. నాలుగు వాటాలకు ఒకటే దొడ్డి. పొద్దున డబ్బా పట్టుకొని లైను. ఆడవాళ్లు తెల్లవారుజామున మూడున్నర నాలుగింటికే లేచి స్నానం ముగించుకోవాలి, ఎందుకంటే స్నానాల గది అంటే వాకిలి మూలన మూడు వైపులా నిలబెట్టిన తడకలు. నల్లా దగ్గర బిందెల కొట్లాటలు నెలకొకసారి పెద్దవి, రోజుకొకసారి చిన్నవి. వానాకాలం మోరీ పొంగితే వాకిట్లోకి వచ్చేది. చెల్లె పెద్దమనిషయిన ఏడాది అమ్మ బాపుతో గట్టిగా అన్న మాట నాకు గుర్తుంది, "గా ప్లాటుల గుడిసె ఏసినా మంచిదే, తలుపున్న బాత్రూం గావాలె నాకు." బాపు ఏమీ అనలేదు. మర్నాడు రశీదులన్నీ పటం వెనక నుంచి తీసి లెక్కపెట్టాడు.

అమ్మ ఇప్పటికీ అంటుంది, "ఆ గల్లీ మీ బాపుకు మంచిగుండె, నీకు మంచిగుండె. మాకెక్కడిది?" దీనికి నా దగ్గర జవాబు లేదు. పాత వాడకట్టు గురించి ముచ్చటగా రాసే మగవాళ్లం, నాతో సహా, ఆ వాడకట్టులో నీళ్లు మోసినవాళ్లం కాదు.

2000 ఎండాకాలంలో కొత్తింట్లోకి పోయాం. రెండు గదులు, వంటిల్లు, తలుపూ గొళ్లెమూ ఉన్న బాత్రూం, ముందు జాగాలో అమ్మ పెట్టిన మల్లె, కరివేపాకు, బొప్పాయి. కాలనీ మొత్తం మీద పదకొండు ఇళ్లు. రాత్రి పడుకుంటే ఎంత నిశ్శబ్దమంటే బాపుకు వారం రోజులు నిద్ర పట్టలేదు. "ఎవ్వడూ దగ్గడేందిరా ఇక్కడ?" అన్నాడు ఒక రాత్రి. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

ఆ ఏడు బతుకమ్మ చెప్పాలి. గిర్మాజీపేటలో తంగేడు పువ్వు, గునుగు పువ్వు ఊళ్ల నుంచి ఆడవాళ్లు గంపల్లో తెస్తే చౌరస్తా దగ్గర బేరం చేసి కొనుక్కోవాలి. బతుకమ్మ చిన్నగా ఉంటే అమ్మకు నామోషీ, పెద్దగా పేర్చాలంటే పువ్వుకు డబ్బులు. కానీ ఆడేటప్పుడు గల్లీ నుంచి గల్లీ కలిసి వలయం రెండు వరుసలయ్యేది, సద్దుల నాడు అందరూ ఉర్సు గుట్ట దిక్కు నడిచిపోయేవాళ్లు. కొత్త కాలనీలో ఇల్లు దాటి నాలుగు అడుగులేస్తే తంగేడే. నేనూ చెల్లె పొద్దున్నే పోయి ఖాళీ ప్లాట్లలో చేతికందినంత తెంపి, గునుగు రెండు సంచులు నింపి తెచ్చాం. అమ్మ జీవితంలో అంత పెద్ద బతుకమ్మ ఎప్పుడూ పేర్చలేదు, నా నడుం దాకా వచ్చింది. సాయంత్రం దాన్ని ఎత్తుకొని రోడ్డు మీదికి తెస్తే ఆడటానికి ఆరుగురు ఆడవాళ్లు. వాళ్లలో ఇద్దరికి పాట రాదు. అమ్మ ఒక్కతే పాట ఎత్తుకుంటే "ఉయ్యాలో" అనడానికి ముగ్గురు. చీకటిపడక ముందే అయిపోయింది. ఇప్పుడు అదే కాలనీలో బతుకమ్మకు వంద మందికి తక్కువ ఉండరు, డీజే ఉంటుంది, లైట్లుంటాయి. ఖాళీ ప్లాట్లే లేవు, పువ్వు మార్కెట్ నుంచి వస్తుంది, కిలోల లెక్కన.

బస్సు మాత్రం రాలేదు. రెండేళ్లన్నారు, అయిదేళ్లయింది, పదేళ్లయింది. మెయిన్ రోడ్డు దాకా కిలోమీటరున్నర నడక, అక్కడ చెట్టు కింద నిలబడితే హుజూరాబాద్ నుంచి వచ్చే పల్లెవెలుగు దయ ఉంటే ఆగుతుంది. హన్మకొండలో దిగి మళ్లీ వరంగల్ సిటీ బస్సు. బాపు దుకాణానికి పోవడానికి గంటంబావు, రావడానికి రాత్రి ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఇంటికొచ్చి తినడం పోయింది, టిఫిన్ డబ్బా వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకు దుకాణం కట్టేస్తే ఇల్లు చేరేసరికి పదకొండు. నాకు డిగ్రీ అయిపోతూనే సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నాం, అది కొన్నప్పటి నుంచి ఇంట్లో ఉప్పు అయిపోయినా స్కూటరే, అగ్గిపెట్టె కావాలన్నా స్కూటరే. అమ్మకు స్కూటర్ రాదు. గల్లీలో ఉన్నప్పుడు సంచి పట్టుకొని బట్టల బజార్ అంతా ఒంటరిగా తిరిగొచ్చిన మనిషి, ఇక్కడ ఆకుకూర కోసం నా కోసమో బాపు కోసమో కాచుకొని కూచునేది. తలుపున్న బాత్రూం దొరికింది, వాకిలి దాటే దారి పోయింది. ఇది కూడా రాయమంది.

2006లో బాపు పని మానేశాడు, మోకాళ్ల నొప్పులు. ఇక ఇంటి పట్టున ఉంటాడనుకున్నాం. నెల తిరక్కముందే మళ్లీ మొదలుపెట్టాడు. పొద్దున ఎనిమిదింటికి తెల్లచొక్కా వేసుకొని, చేతిలో గుడ్డసంచి మడతపెట్టి పట్టుకొని బయల్దేరేవాడు. ఎక్కడికంటే "చౌరస్తా దాక పోయొస్త" అనేవాడు, పక్క వీధికి పోతున్నట్టు. రెండు బస్సులు మారి, గిర్మాజీపేట పోయి, పాత కటింగ్ షాపులో గడ్డం గీయించుకొని, ఇరానీ హోటల్లో ఇద్దరికి ఒక చాయ్ చెప్పి సాసర్‌లో పోసుకొని తాగి, పేపర్ చదివి, చచ్చిపోయినవాళ్ల గురించీ పెళ్లిళ్ల గురించీ తెలుసుకొని, ఒంటిగంటకు ఇల్లు చేరేవాడు. ఊరికే పోయొచ్చాడని అమ్మ అనకుండా ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాడు. ఎక్కువ సార్లు నాలుగు నిమ్మకాయలు. గుడ్డసంచి బోర్లిస్తే బండ మీద దొర్లేవి. "నిమ్మకాయల కోసం వరంగల్ పోవాల్నా, గేటు ముంగట బండోడు అమ్మడా?" అని అమ్మ. "గవి వేరే, రసముంటది వీటికి" అని బాపు. మా ఇంట్లో నిమ్మకాయ పచ్చడికి ఏ ఏడూ కొదవ లేదు.

ఆ రోజుల్లో నేను ఆయన్ను ఆటపట్టించేవాణ్ని. నా సంగతి నేను చూసుకోలేదు. 2005 నుంచి నాది హైదరాబాద్ బతుకు. ఆఫీసు మాదాపూర్‌లో, అద్దె ఇల్లు బోడుప్పల్‌లో. అక్కడెందుకు తీసుకున్నావంటే ఓరుగల్లు వాళ్లలో నాలాంటి వాళ్లందరూ చెప్పే జవాబే: శనివారం సాయంత్రం వరంగల్ బస్సు దొరికే చోట ఉండాలని. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా రోడ్డుకు అటూ ఇటూ చూడండి, సగం మంది మనవాళ్లే. వారానికి ఒకసారి ఇంటికి పోయే సుఖం కోసం వారంలో మిగతా అయిదు రోజులు ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకు పోయేవాళ్లం. షేర్ ఆటోలో ఉప్పల్ రింగు, అక్కడ సిటీ బస్సు, మళ్లీ ఇంకో బస్సు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, వాన పడితే లెక్క లేదు. కాజీపేట నుంచి పుష్‌పుల్ రైల్లో సీజన్ పాస్ మీద రోజూ సికింద్రాబాద్ వచ్చే దోస్తు ఒకడుండేవాడు, నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. నేనూ వాడూ ఇంచుమించు ఒకే టైముకు ఇంట్లోంచి బయటపడి ఒకే టైముకు కుర్చీలో కూచునేవాళ్లం. పైగా వాడికి సీటు, పేకాట, జనగామ దగ్గర చాయ్. నాకు ఫుట్‌బోర్డు. 2017 చివర్లో నాగోల్ నుంచి మెట్రో మొదలై, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా పోయేసరికి ప్రాణం లేచొచ్చింది గానీ, బోడుప్పల్ నుంచి మెట్రో మెట్ల దాకా మళ్లీ అదే ఆటో, అదే ట్రాఫిక్. ఏడాది తిరిగేసరికి కరోనా, లాప్‌టాప్ పట్టుకొని బాపు కట్టిన ఇంటికి వచ్చేశాను.

బాపు అప్పటికి లేడు. 2016లో పోయాడు. ఆ రాత్రి ఛాతీ నొప్పంటే ఎదురింటాయన లుంగీ మీదే కారు తీశాడు, ఎవరూ అడగలేదు, తలుపు కొట్టిన చప్పుడుకే వచ్చాడు. కొత్త కాలనీలో మనుషులు కలవరు అనేవాళ్లకు ఈ మాట చెబుతాను. కలుస్తారు. దవాఖానా దూరమైంది, మనుషులు కాదు.

ఆయన పోయిన ఏడే జిల్లాలు మారాయి. 2021లో మళ్లీ పేర్లు మార్చి హన్మకొండ జిల్లా, వరంగల్ జిల్లా అన్నారు. కొత్తిల్లు హన్మకొండ జిల్లాలో, పాత గల్లీ వరంగల్ జిల్లాలో పడ్డాయి. బాపు ఉండుంటే గడ్డం గీయించుకోవడానికి రోజూ జిల్లా దాటి పోయేవాడు.

ఊరు మాత్రం మా కాలనీని దాటి ఎప్పుడో పోయింది. 2013లో చుట్టుపక్కల 42 ఊళ్లను కార్పొరేషన్‌లో కలిపారు, 2015లో గ్రేటర్ అన్నారు, విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. నడుమ ఊళ్లో ఉన్న మిల్లు మూతపడి ఆ జాగాలో కూడా ప్లాట్లు పడ్డాయి. పక్కపక్కనే ఇళ్లూ దుకాణాలూ బడీ ఉండేట్టు కట్టుకోవడానికి మంచి జాగా అది, అక్కడా గజాల లెక్కే. ప్లాట్లు వేసేవాళ్లకు చెరువు కనబడదు, నాలా కనబడదు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి కరీంనగర్ రోడ్డు బంద్ అయింది, మా కాలనీ కింది వరుస ఇళ్లల్లోకి మోకాలు లోతు నీళ్లొచ్చాయి. అప్పుడు తెలిసింది, ఆ వరుస మొత్తం శిఖం భూమికి, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగాకు, ఆనుకొని ఉందని. మేకలు కాసే ముసలాయనకు ఎప్పుడో తెలుసు, ఆయన్ను ఎవరూ అడగలేదంతే.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు అమ్మ తిరుగుతోంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేశాక ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, నా బండి మీద మెయిన్ రోడ్డు దాకా వచ్చి, అక్కణ్నుంచి తనే పోతుంది. భద్రకాళి గుడికి, వేయిస్తంభాల గుడికి, అప్పుడప్పుడు గిర్మాజీపేటకు కూడా. డెబ్బై దాటిన మనిషి. జీరో టికెట్లు పారేయదు, దేవుని పటం వెనక పెడుతుంది. మొన్న పాత గల్లీ నుంచి వచ్చి చెప్పింది, మేమున్న ఇల్లు కూలగొట్టి మూడంతస్తులు కట్టారట, అంతస్తుకు రెండు వాటాలు, ప్రతి వాటాకూ సొంత బాత్రూం, నల్లా కూడా ఇంట్లోకే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గిట్ల అప్పుడే కట్టి ఉంటే పోతుంటిమా మనం ఇంత దూరం?" అంది. తలుపున్న బాత్రూం కోసం పది కిలోమీటర్లు వచ్చినవాళ్లం మేం.

నిన్న మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడు ఇప్పుడు.

"అన్నా, ఔటర్ అవుతల కొత్త వెంచర్ వడ్డది, 200 గజాలు, ఫస్ట్ ఫేజే, తీస్కో."

"ఎంత దూరం?"

"ఎంత దూరమన్నా, రోడ్డు ఖాళీగుంటే మీ ఇంటి కాడికెల్లి అరగంట."

"బస్సు వస్తదా అక్కడికి?"

వాడికి నా ప్రశ్న అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"బస్సెందుకన్నా? నీకు కారుంది గదా."